శేష జీర్ణాశయ క్యాన్సర్

శేష జీర్ణాశయ క్యాన్సర్ అనగా పూర్వం శస్త్రచికిత్స ద్వారా కొంత తొలగించిన జీర్ణాశయంలో, మిగిలిన భాగాన కొత్తగా పుట్టే క్యాన్సర్. పుండు వంటి మామూలు వ్యాధికి ఆపరేషన్ జరిగి కనీసం 5 సంవత్సరాలు గడిచిన తరువాత వచ్చినదానినే మొదట్లో ఈ పేరుతో పిలిచేవారు. క్యాన్సర్ కోసమే ఆపరేషన్ చేయించుకున్నవారిలో తరువాత వచ్చే కొత్త కణితులను కూడా ఇప్పుడు ఇందులో చేరుస్తున్నారు. అయితే వీరిలో పాత వ్యాధి తిరగబెట్టిందా, కొత్తది పుట్టిందా అన్నది తేల్చడం అన్నివేళలా సులభం కాదు.

చరిత్ర

జీర్ణాశయపు కింది భాగాన్ని తొలగించే శస్త్రచికిత్సను 1881లో వియన్నాలో థియోడోర్ బిల్‌రాత్ మొదటిసారి విజయవంతంగా చేశాడు. 1885 నాటి ఆయన రెండవ పద్ధతిలో మిగిలిన జీర్ణాశయాన్ని ఆంత్రమూలానికి కాక, చిన్నప్రేగులో దాని తరువాతి భాగమైన జెజునానికి కలుపుతారు. శేష భాగంలో వచ్చే క్యాన్సర్ గురించి 1922లో మేయో క్లినిక్ వైద్యుడు డొనాల్డ్ బాల్ఫోర్ వ్రాశాడు. సిమెటిడిన్ వంటి మందులు 1970లలో రావడం, తరువాత హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా పాత్ర బయటపడడంతో పుండ్లకు ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. కానీ ఈ క్యాన్సర్ తరచు 20, 30 ఏళ్ల తరువాత బయటపడుతుంది కనుక పాత ఆపరేషన్ల ప్రభావం చాలాకాలం కొనసాగింది.

కారణాలు

పైత్యరసం, క్లోమరసం శేష భాగంలోకి ఎగదన్ని లోపలి పొరను ఏళ్ల తరబడి ఒరిపిడికి గురిచేయడం ముఖ్యకారణమని భావిస్తారు. బిల్‌రాత్ రెండవ పద్ధతి తరువాత కణితి ఎక్కువగా అతుకు దగ్గరే కనిపించడం ఇందుకు అనుగుణంగా ఉంది.

శస్త్రచికిత్స, ఫలితాలు

వ్యాధి వ్యాపించనివారిలో మిగిలిన జీర్ణాశయాన్నంతా తొలగించి, అన్నవాహికను చిన్నప్రేగుకు కలుపుతారు. ఇది మొదటి ఆపరేషన్ కంటే కష్టమైనది. పాత గాయం మానేటప్పుడు కాలేయం, క్లోమం, పెద్దప్రేగు శేష భాగానికి అతుక్కుపోయి ఉంటాయి. కొన్నిసార్లు ప్లీహాన్నీ, పెద్దప్రేగులో కొంత భాగాన్నీ కూడా తీయవలసివస్తుంది. పాత శోషరస మార్గాలు తెగిపోయినందున, క్యాన్సర్ జెజునపు పొరలోని గ్రంథులకు పాకవచ్చు. వాటినీ వెదకి తీయాలి.

ఈ వ్యాధికి ఒకప్పుడు నయంకానిదన్న పేరుండేది. దానికి కారణం కణితి స్వభావం కంటే ఆలస్యమేనని చెప్పాలి. బరువు తగ్గడం, కొద్దిగా తినగానే కడుపు నిండడం, వాంతులు వంటి లక్షణాలను రోగులు, వైద్యులు కూడా పాత ఆపరేషన్ ఫలితమే అనుకుంటారు. కణితిని పూర్తిగా తీయగలిగినప్పుడు, ఒకే దశలోని రోగులను పోల్చి చూస్తే, ఆయుర్దాయం మామూలు జీర్ణాశయ క్యాన్సర్‌కు దాదాపు సమానమని పలు పరిశీలనలు చూపాయి. ఈ పోలికలో ఒక చిక్కు ఉంది. దశ నిర్ణయానికి కనీసం 15 గ్రంథులైనా పరీక్షించడం మంచిది, కానీ మొదటి ఆపరేషన్‌లోనే కొన్ని పోయినవారిలో అన్ని దొరకవు. అందువలన దశ అసలు కంటే తక్కువగా కనిపించే అవకాశముంది.

జపాన్, దక్షిణ కొరియాలలో క్రమం తప్పని ఎండోస్కోపీ వలన చాలామందిలో వ్యాధి తొలిదశలోనే దొరుకుతోంది. పైపొరకే పరిమితమైన కణితిని పొట్ట కోయకుండా ఎండోస్కోప్‌తోనే ఒలిచి తీయవచ్చు, అయితే పాత అతుకు మచ్చ మీద ఈ పని చేయడానికి మంచి నైపుణ్యం కావాలి. జీర్ణాశయం పూర్తిగా పోయినవారు బి12 విటమిన్‌ను జీవితాంతం తీసుకోవాలి.