ఇనప్పెట్టెలో తుపాకీ: తాళం, లోహం, చట్టం



ఇంట్లో లైసెన్సు ఉన్న తుపాకీ ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలి? వినడానికి ఇది బీరువాల దుకాణంలో అడిగే ప్రశ్నలా ఉంటుంది. జవాబు వెతకబోతే మాత్రం రెండు వందల ఏళ్ల తాళాల చరిత్ర, కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, చివరికి మన స్వాతంత్ర్యోద్యమంలోని రెండు ఘట్టాలు కూడా తగులుతాయి. నేను భౌతికశాస్త్రం చెప్పుకునే మనిషిని. ఈ విషయంలోకి నన్ను లాగింది మా తాతగారి ఇంటి గోడకున్న ఒక మేకు.

తాతగారిది అడవి అంచు పల్లె. చేలలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి ఆయన దగ్గర లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. నడవలో మేకుకు తగిలించి ఉండేది. తూటాల సంచీ కూడా ఆ మేకుకే. డబ్బు, నగలు, పొలం కాగితాలు మాత్రం లోపలి గదిలో ఇనప్పెట్టెలో ఉండేవి. దాని తాళంచెవి నాయనమ్మ బొడ్లోంచి కదిలేది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, పెద్దలంతా పొలంలో ఉండగా, పీట వేసుకుని ఎక్కి ఆ తుపాకీ దింపాను. అందులో తూటా ఉంది. అంతలో మా మేనత్త వచ్చి, కేక వేయకుండా, దగ్గరికి నడిచి మెల్లగా నా చేతుల్లోంచి తీసుకుంది. నాలుగు కాసుల బంగారానికి ఉన్న తాళం ఆ తుపాకీకి ఎందుకు లేదన్న ప్రశ్న నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

తాళం సంగతి మొదట చూద్దాం. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా తాళాలు చాలావరకు చూపుకే గట్టివి. లోపల అడ్డుగోడల్లాంటి రేకులుండేవి; వాటిని తప్పించుకునే వంకర కడ్డీ ఒకటి దొరికితే చాలు. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ దీన్ని మార్చాడు. ఆయన తాళంలో మీటలుంటాయి. ఒక్కో మీటను సరిగ్గా ఒక ఎత్తుకే లేపాలి. తక్కువైనా, ఎక్కువైనా గడియ కదలదు. 1784లో జోసెఫ్ బ్రామా మరో పద్ధతి తాళానికి పేటెంటు పొందాడు. 1817లో పోర్ట్స్‌మత్ నౌకా కర్మాగారంలో దొంగతనం జరిగినప్పుడు, సొంత చెవితో తప్ప తెరుచుకోని తాళం చేసినవారికి బహుమతి ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించింది. 1818లో జెరెమయా చబ్ చేసిన తాళం ఆ బహుమతి గెలిచింది. ఎవరైనా దొంగచెవితో మీటను అవసరానికి మించి లేపితే ఆ తాళం బిగుసుకుపోయి, ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి తెలియజేస్తుంది. తాళాలు చేయడంలో ఆరితేరిన ఒక ఖైదీ చేతికి దాన్నిస్తే, నెలల తరబడి తంటాలు పడి చివరికి ఓటమి ఒప్పుకున్నాడు.

ఈ గర్వం 1851 దాకా నిలిచింది. ఆ ఏడు లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ చబ్ తాళాన్ని అరగంట లోపే విప్పేశాడు. బ్రామా దుకాణం కిటికీలో ఒక తాళం చాలా ఏళ్లుగా వేలాడుతుండేది. దాన్ని విప్పినవారికి 200 గినీలు ఇస్తామని దాని మీద సవాలు రాసి ఉండేది. హాబ్స్ దాన్ని కూడా విప్పాడు. కాని అందుకు పదహారు రోజుల మీద 51 గంటలు పట్టింది.

నాటి పత్రికలు ఈ సంఘటనను ఇంగ్లండుకు అవమానంగా చూశాయి. నా దృష్టిలో అది అవమానం కాదు, ఒక కొలత. విప్పలేని తాళం ఉండదని ఆ రోజు తేలింది. ఒక తాళానికి అరగంట, మరొక తాళానికి 51 గంటలు. అంటే తాళం మనకు అమ్మేది కాలాన్ని. నేటి అమెరికాలో ఇళ్లలో తుపాకులు పెట్టుకోవడానికి అమ్మే పెట్టెల్లో చాలావాటిని ఈ లెక్కమీదే పరీక్షిస్తారు. వాటికి ఇచ్చే సాధారణ ధృవీకరణకు అర్థం ఒక్కటే: మామూలు చేతి పనిముట్లతో దాడి చేస్తే ఐదు నిమిషాలు నిలుస్తుంది. ఐదంటే ఐదే. పైకి ఎంత భారీగా కనిపించినా సరే!

మన దేశంలో ఈ కథ బొంబాయిలో మొదలవుతుంది. న్యాయవాద వృత్తి వదిలేసిన అర్దేశిర్ గోద్రెజ్ మొదట శస్త్రచికిత్స పరికరాలు చేయబోయి, అది సాగక, 1897లో తాళాల తయారీకి దిగాడు. 1902లో తొలి ఇనప్పెట్టె చేశాడు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి నగరంలో ఒక భాగం తగలబడింది. ఆ మంటల్లో చిక్కిన ఇనప్పెట్టెల్లో కాగితాలు చెక్కుచెదరలేదని నేటికీ చెప్పుకుంటారు.

ఎర్రగా కాలిన ఇనుము లోపల కాగితం ఎలా బతుకుతుంది? ఇనుము వేడిని చక్కగా ప్రసరింపజేస్తుంది గదా! కిటుకు రెండు రేకుల మధ్య ఉన్న పొరలో ఉంది. అక్కడ జిప్సం వంటి పదార్థం నింపుతారు. జిప్సం బరువులో అయిదో వంతు స్ఫటిక జలమే. వేడి తగలగానే ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని మంట నుంచే తీసుకుంటుంది. ఆ నీరంతా పోయేదాకా లోపలి ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. ఇక్కడ కూడా పెట్టె కొనుక్కునేది కాలాన్నే అని గమనించండి.

అయితే కాగితాలకు మేలు చేసే ఈ తేమ తుపాకీకి శత్రువు. ముద్ద కర్పూరంలా మూసిపెట్టిన పెట్టెలో గాలి ఆడదు. సాపేక్ష ఆర్ద్రత 60 శాతం దాటితే ఉక్కు తుప్పు పట్టడం వేగం పుంజుకుంటుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవారికి ఆ 60 శాతం ఏడాదిలో ఎక్కువ రోజులు గుమ్మంలోనే ఉంటుంది. అందుకే పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, అప్పుడప్పుడు వాటిని వేడిచేసి ఆరబెట్టాలి. తోలు తొడుగులో తుపాకీని ఉంచి పెట్టెలో దాచడం చాలామంది చేసే పొరపాటు. తోలు తేమను పీల్చి లోహానికి అంటిస్తుంది.

ఇక తూటాలు. వాటిని తుపాకీతో ఒకే చోట పెట్టాలా, వేరుగానా? దీనికి నాకు కనిపించిన గట్టి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి చేసింది. ఠాణాలలో తుపాకులు, మందుగుండు రెండూ దగ్గర దగ్గరే ఉన్నాయి. మూడు రోజుల్లో 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. మన్యం పోరాటం 1924 దాకా నడవడానికి ఆ సంపాదన పెద్ద ఆసరా.

ఎనిమిదేళ్ల తర్వాత, 1930 ఏప్రిల్ 18 రాత్రి, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న చిట్టగాంగులో సూర్యసేన్ నాయకత్వంలో విప్లవకారులు ఆయుధాగారాలను ముట్టడించారు. సహాయక దళం ఆయుధాగారంలో లూయీ మరతుపాకులు, కొత్త రైఫిళ్లు దొరికాయి. తూటాలు మాత్రం దొరకలేదు. అవి వేరే చోట ఉన్నాయి. ఆ ఆయుధాలన్నీ ఆ రాత్రి ఇనప ముక్కలైపోయాయి. నాలుగు రోజుల తర్వాత జలాలాబాద్ కొండ మీద ఆ యువకులు పోలీసు ఆయుధాగారంలో దొరికిన పాత మస్కెట్లతో సైన్యాన్ని ఎదుర్కొన్నారు.

ఆ వీరుల పక్షాన నిలబడి చదివితే ఇది గుండె బరువెక్కే కథ. మనం ఎటువైపు ఉంటామో చెప్పనక్కర లేదు. కాని భద్రపరచడమనే పనిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. తుపాకీ ఒక చోట, తూటా మరో చోట, రెంటికీ వేర్వేరు తాళాలు ఉంటే ఒక తాళం ఓడినా ప్రమాదం పూర్తి కాదు. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది ప్రాణాలు పోయాక కుదిరిన జాతీయ ఒప్పందం, తూటాలను తాళం వేసి విడిగా ఉంచాలని నిర్దేశించింది.

మన చట్టం వేరే దారిన వచ్చింది. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం అడిగింది తుపాకీని ఎలా దాస్తావని కాదు, నువ్వు ఎవరివని. భారతీయులకు లైసెన్సు, యూరోపియన్లకు మినహాయింపు. కొడగు వాసులకు దొరికిన మినహాయింపు మాత్రం నేటికీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసుకుంది. 2016 నియమావళితో భద్రంగా దాచడమనే అంశానికి ప్రాముఖ్యం పెరిగింది. ఆయుధాన్ని సురక్షితంగా ఉంచుతానని దరఖాస్తుదారు హామీ పత్రం ఇవ్వాలి. 2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

పెట్టె కొనే మాటకొస్తే, రేకు మందాన్ని గేజిలో చెబుతారు. అంకె పెరిగితే రేకు పలచన. 14 గేజి ఉక్కు రేకు 2 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. 10 గేజి దాదాపు మూడున్నర. పలక ఎంత మందమైనా పెట్టెను నేలకు, గోడకు బోల్టులతో బిగించకపోతే ప్రయోజనం లేదు. నిలబడ్డ పెట్టెను వెల్లకిలా పడగొట్టారంటే, తలుపు సందులో గడ్డపార దూర్చి ఒంటి బరువంతా దాని మీద వేయవచ్చు. ఆర్కిమెడిస్ మీట దొంగకూ పనికొస్తుంది.

తాళంచెవుల పెట్టె పాతదని, వేలిముద్రల పెట్టె ఆధునికమని అనుకుంటున్నారు. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ దాదాపు 61,000 వేలిముద్రల పెట్టెలను వెనక్కి రప్పించింది. యజమాని తన వేలిముద్ర సరిగా నమోదు చేయకపోతే అవి ఎవరి వేలికైనా తెరుచుకున్నాయి. పన్నెండేళ్ల బాలుడొకడు మరణించాడన్న వ్యాజ్యం కూడా నడిచింది. అలాగని పాతది మేలనీ కాదు. బీరువా పైన పెట్టిన తాళంచెవి ఏ ఇంట్లో పిల్లలకు తెలియదు?

దొంగల గురించి ఇంతసేపు మాట్లాడాం. నిజానికి పెట్టె ఎక్కువగా కాపాడేది ఇంటివాళ్లనే. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది: వారాంతపు సెలవులకు ఇంటికెళ్లే యువ సైనికులు ఆయుధాన్ని శిబిరంలోనే వదిలివెళ్లాలి. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయని 2010లో వెలువడిన అధ్యయనం చూపింది. మిగతా రోజుల్లో పెరగలేదు కూడా. అంటే ఆ రెండు రోజులు దాటిన యువకులు వేరే రోజు కోసం కాచుకుని లేరు. మనసు కుంగిన ఘడియ తాత్కాలికం. ఆ ఘడియలో ఆయుధం అందకపోతే, తోడుగా మాట్లాడే మనిషి దొరికే వ్యవధి ఉంటుంది. అమెరికాలో 2005లో వచ్చిన మరో అధ్యయనం కూడా తుపాకీ ఖాళీగా, తాళంలో, తూటాలు విడిగా తాళంలో ఉన్న ఇళ్లలో పిల్లలకూ కౌమారులకూ ప్రమాదం తక్కువని తేల్చింది.

తాతగారు పోయాక తుపాకీ ఆ మేకుకే ఏడాదికి పైగా ఉండిపోయింది. లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆయుధాన్ని పోలీసు ఠాణాలో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమ చేయాలని 1959 చట్టం 21వ సెక్షను చెబుతుంది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎన్నికల ముందు లైసెన్సు ఆయుధాలు అప్పగించాలని ఊళ్లో చాటింపు వేసినప్పుడు నాన్నకు గుర్తొచ్చి, దాన్ని గోనెపట్టాలో చుట్టి బస్సులో ఠాణాకు తీసుకెళ్లారు. తూటాల సంచీని నేను మోశాను. నాన్న బస్సులో ముందు, నేను వెనక కూర్చున్నాం. అలా కూర్చోమన్నది మేనత్తే.