మడపొల్లము: ఒక యాంగ్లపదము పుట్టుక

గౌతమీతీరమునందలి యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యధీనమున నుండెను. దానికి చేరువనే యింజరమున నింగ్లీషు కంపెనీవారి వర్తకస్థానముండెడిది. ఈ యిరుజాతులవారును గోదావరీమండలమున సాలెవారు నేసిన నూలుబట్టలను గొని యోడల కెక్కించిరి. ఆ బట్టలతోడనే యొక తెనుఁగుపేరును సముద్రము దాటెను. ఇంగ్లీషున ‘మడపొల్లం’ అనియు, ఫ్రెంచిభాషలో ‘మదపొలాం’ అనియు వ్యవహరింపఁబడు నీ పదమునకు, కాలికోకంటె సన్ననిదియు మస్లినుకంటె దళసరిదియు నగు తెల్లని నూలువస్త్రమని యర్థము.

దీనిని వ్యుత్పాదింపఁబూనిన తెనుఁగువానికి ‘మడపొలము’ అను విభాగము వెంటనే తోఁచవచ్చును. యానాము కోరంగి ప్రాంతములందు మడయడవులు ప్రసిద్ధములు. మడ, పొలము అను రెండును దేశ్యపదములే. సమాసమునకు వ్యాకరణబాధయు లేదు. అయినను నిది గ్రాహ్యము కాదు. రోమనులిపిలో ద, ధ, డ లకు నొకటే యక్షరము. కావున వ్రాఁతను బట్టి మూలవర్ణమును నిర్ణయింప వీలులేదు. వస్తువెచటనుండి వచ్చెనో యరయవలెను.

వసిష్ఠగోదావరీతీరమున నరసాపురము చెంత మాధవాయపాలెము కలదు. 17వ శతాబ్దిలోనే యాంగ్లేయులచట వర్తకము సాగించిరి. ఇంజరము, బెండమూర్లంక, మాధవాయపాలెము అను మూఁడు స్థానములలో నిదియే ప్రధానము. 1886లో యూలు, బర్నెలు పండితులు తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున నీ యూరినే పదమూలముగా నిర్దేశించిరి. ధ్వనిపరిణామమును సుగమమే: ఆంగ్లేయుల నోట మహాప్రాణము పోయెను, నడిమి ‘వాయ’ లోపించెను, ‘పాలెము’ ‘పొల్లం’ అయ్యెను.

దేశనామము వస్త్రమునకు సంక్రమించుట క్రొత్త గాదు. సంస్కృతమున చీనాంశుకము కలదు. కోళిక్కోడునుండి కాలికోయు, మోసులునుండి మస్లినును వచ్చినవి. ‘అచటనుండి వచ్చినది’ అను నర్థమున సంస్కృతము తద్ధితప్రత్యయమును జేర్చును. ఇంగ్లీషున నూరిపేరే లక్షణచే వస్త్రమును దెలిపెను.

1833 నాఁటి శాసనముచేఁ గంపెనీవర్తకము నిలిచెను. ఆ శతాబ్ది ముగియకముందే యింగ్లండు మిల్లులలో నేసిన మడపొల్లము హిందూదేశమునకు దిగుమతి యగుచుండెను. గోదావరి సాలెవాని పనితనమునకుఁ బుట్టిన పేరు, వాని మగ్గమునకుఁ బోటీగా వచ్చిన సరకుపై ముద్రవడెను. మడపొలమన్నచో నీ వృత్తాంతమంతయు మఱుఁగుపడును. వ్యాకరణము పదముయొక్క సాధుత్వమును జెప్పఁగలదు. అది యెవరి చేతిపనికిఁ బేరయ్యెనో చెప్పుటకుఁ జరిత్రయే ప్రమాణము.