కిక్రి నుంచి సెల్‌ఫోన్ దాకా

మా యువ రచయితలు ఎక్కడ కూడినా ఒకే మాట వస్తుంది. "కథ రాశాం, ఫోనులో పెట్టాం, మా దోస్తులు తప్ప ఎవరూ చూడలేదు. చదివేవాళ్లు ఎట్లా వస్తారు?" ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ వచ్చాక పుట్టిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది పాత ప్రశ్నే. మా తాతముత్తాతలు కూడా దీన్ని ఎదుర్కొని, తమ పద్ధతిలో జవాబు చెప్పుకున్నారు. ఆ చరిత్రను ఒకసారి తిరగేస్తే ఇవాళ మేము ఎక్కడ తడబడుతున్నామో తెలుస్తుంది.

ఆదిలాబాద్ అడవుల్లో గోండుల వంశ కథలను తరతరాలుగా మోసినవాళ్లు ప్రధాన్లు, తోటీలు. ప్రధాన్ చేతిలో కిక్రి ఉంటుంది. అతని ఇంటి భాష చాలాచోట్ల మరాఠీ, పాడేది మాత్రం గోండీలో. ఎందుకంటే వినేవాళ్ల భాష గోండీ. అతను ఊరూరా తిరిగి వినేవాళ్లను వెతుక్కోలేదు. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి తాము ఆశ్రయించిన గోండు కుటుంబాలు ఉండేవి. పెళ్లికి, చావుకు, పెర్సాపేన్ కొలుపుకు అతను రావలసిందే, ఆ వంశం పుట్టిన కథ పాడవలసిందే. ప్రతిఫలంగా ధాన్యం, బట్ట, ఒక్కోసారి పశువు దక్కేవి. వినేవాళ్లకు కథ ముందే తెలుసు. పేరు తప్పు చెబితే పెద్దలు అక్కడే ఆపి సరిచేసేవారు. అంటే కళాకారుడికి శ్రోతలు పుట్టుకతోనే ఉన్నారు, ఆ శ్రోతలకు అతని మీద అధికారం కూడా ఉంది. ఈ రెండో మాటను మేము మరిచిపోయాం.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం ఆదివాసీల స్థితిగతులు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయ్యాయి. ఇక్కడ గమనించవలసింది పని జరిగిన వరుస. వాచకం అచ్చువేసి ఊరుకోలేదు. దాన్ని చదివి వినిపించే మనిషిని అదే గూడెం నుంచి తయారుచేశారు. హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిశాక ఆ గోండీ చదువు నిలబడలేదు. గురువు పోయాక వాచకం ఒంటరిదైంది.

అదే కాలంలో మా కథలు ఇంకో దారిన కూడా పోయాయి. ఆదిలాబాద్ రాజగోండుల గురించి హైమన్‌డార్ఫ్ రాసిన ఇంగ్లీషు గ్రంథం 1948లో లండన్‌లో వెలువడింది. మా పురాణాలు, మా కొలుపులు అందులో ఉన్నాయి. ఆ పుస్తకం లేకపోతే ఎన్నో వివరాలు మాకే దక్కేవి కావు, ఆ మేలు కాదనలేం. అయితే మా కథకు దొరికిన మొదటి పెద్ద పాఠకలోకంలో మేము లేము. పాడినవాళ్ల మనవలకు ఆ పుస్తకం చదవడం రాదు. మా గురించి చదివేవాళ్లు వేరు, మాకోసం చదివేవాళ్లు వేరు అన్న తేడా అప్పుడే మొదలైంది.

ఇక గుంజాల సంగతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ గోండు గూడెంలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. అవి గోండీకి ఉన్న సొంత లిపిలో ఉన్నాయి. వాటిలో కొన్ని 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన కేంద్రం వాటిని లోకం దృష్టికి తెచ్చారు. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు కొద్దిమంది పెద్దలే. తర్వాత ఫాంటు తయారైంది, కొన్ని చోట్ల పిల్లలకు అక్షరాలు నేర్పారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో గుంజాల గోండి చేరింది.

యూనికోడ్‌లో చేరడం అంటే ఏమిటో మా రచయితలు తెలుసుకోవాలి. అంతకుముందు మా లిపి కంప్యూటర్‌కు బొమ్మతో సమానం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మా అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టి ఫాంటు చేసేవారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించేవి. తెలుగు రచయితలు కూడా చాలాకాలం పడ్డ బాధే ఇది. యూనికోడ్ ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఇస్తుంది. అప్పుడే ఆ రాతను వెతకవచ్చు, కాపీ చేయవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. అయినా ఫాంటు లేని ఫోనులో నేటికీ అక్షరం బదులు చిన్న డబ్బా కనిపిస్తుంది. గుంజాల అక్షరాలకు నోటో అనే ఉచిత ఫాంటు ఉంది. కాని దాన్ని ఫోనులో ఎక్కించుకునేది ఎందరు?

ఇంకో చిక్కు కూడా ఉంది. 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం గోండీకి మరో లిపి రూపొందించారు. అది 2017లోనే యూనికోడ్‌లో చేరింది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ గోండులు ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు, మేము తెలుగు లిపిలో రాస్తాం. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. నోటిమాటకు అంత పెద్ద లోకం ఉంది. రాతకు వచ్చేసరికి ఆ లోకం నాలుగు లిపుల మధ్య ముక్కలైపోతుంది. ఉట్నూరు పిల్లవాడు రాసిన గోండీ పాట గడ్చిరోలి పిల్లవాడికి చెవికి అందుతుంది, కంటికి అందదు.

సంతాలీల చరిత్ర ఇక్కడ మాకు పాఠం చెబుతుంది. మయూర్‌భంజ్‌కు చెందిన ఉపాధ్యాయుడు పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని రూపొందించారు. ఆయన లిపిని పెట్టెలో పెట్టుకుని గుర్తింపు కోసం కూర్చోలేదు. ఆ లిపిలో వాచకాలు రాశారు, నాటకాలు రాశారు, ఊళ్లు తిరిగి నేర్పారు. చదవడం రానివాళ్లు నాటకం చూశారు, చూసినవాళ్లలో కొందరికి చదవాలనిపించింది. ఆయన 1982లో కన్నుమూశారు. సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో. ఓల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో. సంతాలీ వికీపీడియా మొదలైంది 2018 ఆగస్టులో. ఆ వికీపీడియా కూడా అడగ్గానే ఇచ్చింది కాదు. ఏ భాషవాళ్లయినా ముందు ప్రయోగశాల లాంటి చోట కొంతకాలం ఆగకుండా రాసి, రాసే మనుషులు ఉన్నారని రుజువు చేస్తేనే సొంత వికీపీడియా తెరుస్తారు.

లిపి పుట్టిన నాటి నుంచి వికీపీడియా దాకా లెక్కవేస్తే 93 ఏళ్లు. ఆ వరుసలో ముందు వచ్చింది చదివే మనిషి, ఆఖరుకు వచ్చింది తెర. మాకు వరుస తిరగబడింది. యూనికోడ్ సంఖ్యలు వచ్చాయి, చదివేవాళ్లు ఇంకా తయారు కాలేదు. యూనికోడ్ అక్షరానికి చోటు ఇస్తుంది, పాఠకుణ్ణి ఇవ్వదు. ఈ ఒక్క ముక్క అర్థం కాక మాలో చాలామంది ఫోను వైపు చూసి నిరాశపడుతున్నారు.

మరి దారి లేదా? ఉంది, దాన్ని మా గొంతే చూపించింది. 2010లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో సీజీనెట్ స్వర అనే ఏర్పాటు మొదలైంది. మామూలు ఫోనుతో ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి తిరిగి ఫోను వస్తుంది. తన సంగతి తన భాషలో చెప్పి రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. గోండీలోనూ మాట్లాడారు. బోరు చెడిపోయిన సంగతి, కూలి అందని సంగతి, వాటితోపాటు పాటలు కూడా వచ్చాయి. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీ కార్యక్రమాలకు మా గూడేల్లో దొరికిన ఆదరణ కూడా ఇలాంటిదే. లిపుల మధ్య ముక్కలైన లోకం చెవి దగ్గర మళ్లీ ఒకటవుతుంది.

అందుకే మా యువ రచయితలకు చరిత్ర నుంచి నాలుగు మాటలు చెప్పదలిచాం. గోండీలోనో కోయలోనో కొలామీలోనో రాసింది ముందు మీ గూడెంలో చదివి వినిపించండి, అదే గొంతును రికార్డు చేసి రాత పక్కన పెట్టండి. కవితను అందమైన బొమ్మగా మాత్రమే పెట్టకండి, అక్షరాలుగా కూడా పెట్టండి, లేకపోతే రేపు ఎవరు వెతికినా దొరకదు. తెలుగులో రాస్తే ఎక్కువమందికి చేరుతుంది, రాయండి, కాని అమ్మభాషలో ఉన్న పాఠాన్ని దాని వెంటే ఉంచండి. పాడినవాళ్ల పేరు, ఊరు వాళ్లను అడిగి తప్పకుండా రాయండి. ఇవాళ మా పాటలు ఎన్నో వీడియోల్లో తిరుగుతున్నాయి. వాటిలో వీడియో పెట్టినవాళ్ల పేరు ఉంటుంది, పాడిన అవ్వ పేరు ఉండదు. 1948లో జరిగిన సంగతే మళ్లీ జరుగుతోంది, ఈసారి కొన్నిచోట్ల మా చేతులతోనే.

అన్నిటికన్నా ముఖ్యమైనది అనుమతి. ప్రధాన్ పాడే కథల్లో అందరిముందు పాడేవి ఉన్నాయి, పెర్సాపేన్ ముందు ఆ వంశం కూడినప్పుడు మాత్రమే పాడేవి ఉన్నాయి. పుస్తకం అయితే ఎన్ని ప్రతులో లెక్క ఉంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టింది వెనక్కి రాదు. ఎక్కువమంది చూస్తారన్న ఆశతో కొలుపు కథను తెరమీదికి ఎక్కిస్తే, చూసే లక్షమందిలో తప్పు పట్టి సరిచేసే పెద్ద ఒక్కరూ ఉండరు. ప్రధాన్‌ను మధ్యలో ఆపి "ఆ పేరు అది కాదు" అని చెప్పిన శ్రోతే మాకు నిజమైన పాఠకుడు. అలాంటి పదిమందిని గూడెంలో సంపాదించుకున్న రచయితకు ఫోనులో వచ్చే వెయ్యిమంది బలం అవుతారు. ఆ పదిమంది లేని రచయితకు వెయ్యిమంది సంతలో జనం లాంటివాళ్లు, పొద్దుగూకితే ఎవరి దారిన వాళ్లు పోతారు.