కల్పితప్రాణుల మేనివన్నెలు

లోకమున లేని జంతువును కల్పించువానికి ఆకారము కంటె వన్నె ఎక్కువ చిక్కు తెచ్చును. ఒక పక్షికి రెండు తలలు పెట్టినచో గండభేరుండ మగును. సింహమునకు తొండము తగిలించినచో యాళి యగును. విజయనగరకాలపు మండపస్తంభములపై శిల్పు లా పని ధారాళముగా చేసిరి. వారికి రాతిరంగే చాలెను. కథలో నడచు జంతువు సంగతి వేఱు. వినువాడు దానిని మనసులో చూడవలెను. చూడవలెనన్న రంగు కావలెను. ఆ రంగును మన ప్రాచీనులు ఏ న్యాయము ననుసరించి యెన్నుకొనిరో పరిశీలించుట ఈ వ్యాసమున మా ప్రయత్నము. జంతువర్ణనలను అలంకారదృష్టితో చూచి, తెల్లనిది చంద్రునితోను, నల్లనిది కాటుకతోను పోల్పబడినదని చెప్పి ముగించుట మనకు అలవాటు. ఆ రంగు కథలో చేయు పని యేమి యన్నది మా ప్రశ్న.

భారతమున ఈ ప్రశ్నకు ఉచ్చైశ్శ్రవమును మించిన ఉదాహరణము లేదు. పాలసముద్రమును మథించునపుడు పుట్టిన ఆ గుఱ్ఱము తెల్లనిది. సముద్రతీరమున దానిని చూచిన కద్రువ తోకయందు నలుపు కలదన్నది, వినత లేదన్నది. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెనని పందెము. తన మాట నిలుపుకొనుటకై కద్రువ కొడుకులగు పాములను ఆ తోకకు నల్లని వెండ్రుకలవలె చుట్టుకొండని యడిగెను. ఒప్పుకొననివారిని జనమేజయుని సర్పయాగమున నశింపుడని శపించెను. నన్నయ భారతమున ఆ పనికి పూనుకొన్నవాడు కర్కోటకుడు. వినత దాసియైనది, తల్లిదాస్యము తొలగించుటకు గరుత్మంతుడు అమృతము తేవలసివచ్చెను. అంతేకాదు. ఆ శాపము ఫలించిన సర్పయాగమునందే వైశంపాయనుడు జనమేజయునకు భారతకథ చెప్పెను. మేము అతిశయోక్తి చెప్పుట లేదు: గుఱ్ఱపుతోక రంగును గూర్చిన వివాదము నుండి శాపము, శాపము నుండి యాగము, యాగసమయమున భారతశ్రవణము. గ్రంథమునకు ద్వారము ఆ తోకయే.

ఈ ఘట్టమున గమనింపదగిన దొకటి కలదు. గుఱ్ఱము కల్పితమే యైనను దాని వన్నెను గూర్చిన సందేహము కల్పితము కాదు. మేను తెల్లనై తోక నల్లనై యుండు పశువు మన కన్నులకు నిత్యపరిచితము. దర్శి, పొదిలి, కనిగిరి సీమలు 1970 వఱకు నెల్లూరుజిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలుజిల్లాలోనివి. ఆ సంవత్సరమున ఇవన్నియు చేరి ఒంగోలుజిల్లా ఏర్పడెను. 1972లో దానికి ప్రకాశము పేరు వచ్చెను. ఏ జిల్లా పేరు వచ్చినను ఈ ప్రాంతపు పశువు ఒంగోలుజాతి పశువే. ఆ జాతి బ్రెజిలునకు పోయి నేటికిని ‘నెలోర్’ అని పిలువబడుట పాత జిల్లాపేరుకు మిగిలిన గుర్తు. ఒంగోలు ఆవు తెల్లనిది, తోకకుచ్చు నల్లనిది. కన్నులచుట్టును, మూతియందును నలుపే. ఆబోతునకు తల, మెడ, మూపురము బూడిదవన్నెకు తిరుగును. కొన్నింటికి మోకాళ్లకడను గిట్టలపైని నలుపు కనబడును. తెల్లని వెండ్రుకలక్రింద చర్మము నల్లనిది కావున అంచులయందు ఆ నలుపు తొంగిచూచుట వింత కాదు.

వ్యాసభారతము ఒంగోలు పశువును చూచి పుట్టినదని మా వాదము కాదు. హర్యానా మొదలగు ఉత్తరదేశపు పశుజాతులయందును తెల్లని మేనికి నల్లని తోకకుచ్చు కలదు. మేము చెప్పదలచినది వేఱు: కద్రువ మాట నమ్మదగినదిగా ఉన్నది. తోక ఎఱ్ఱగానో పచ్చగానో ఉన్నదని ఆమె యనియుండినచో పందెమునకే తావు లేదు. నన్నయ చెప్పగా విన్న తెలుగువాడు తన దొడ్డిలోని ఆవును తలచుకొని, ‘ఉండునేమో’ అని ఒక క్షణము అనుకొనుటకు అవకాశమున్నది. మోసము అల్పమై, సహజమునకు ఆనుకొని యుండుటచే వినత ఓడెను.

ఉద్యోగపర్వమున గాలవుని కథలో వన్నె మఱియొక పని చేయును. గురుదక్షిణగా విశ్వామిత్రుడు కోరినవి చంద్రునివలె తెల్లనివై, ఒక చెవి మాత్రము నల్లనైన 800 గుఱ్ఱములు. తెల్లని గుఱ్ఱములు మాత్రమే యడిగియుండినచో యయాతి కోశము చాలియుండునేమో. ఆ ఒక్క చెవి నలుపుచేత అవి లోకమున దుర్లభములైనవి. యయాతి తన కూతురగు మాధవిని గాలవునకిచ్చెను. ఆమె ముగ్గురు రాజులకడ ఒక్కొక్క కొడుకును కనగా, ఒక్కొక్కరు 200 చొప్పున 600 లభించినవి. తక్కినవి భూమిపై లేవు. వానికి మాఱుగా ఆమెనే విశ్వామిత్రుడు గ్రహించెను. జంతువు మేనిపై అఱచేయి వెడల్పు లేని నలుపునకు ఒక స్త్రీ చెల్లించిన వెల యిది. ఈ కథను ధర్మసూక్ష్మముగా వ్యాఖ్యానించువారు మాధవిని మఱచుట మాకు కష్టముగా నున్నది. జైమినిభారతమున అశ్వమేధపు గుఱ్ఱమును శ్యామకర్ణమనుట ఈ సంప్రదాయమునకు చెందినదే. 15వ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు ఆ కథను తెనిగించి సాళువ నరసింహరాయని కంకితమిచ్చెను. అచట నల్లచెవి గుర్తుగా ఉపకరించును. పరరాజ్యములలో విడువబడిన గుఱ్ఱమును పోల్చుకొనుటకు ఇట్టి గుర్తు అవసరమే గదా.

ఇక మాయలేడి. మహాభారతారణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన 14వ శతాబ్దివాడు, అద్దంకి ప్రభువగు ప్రోలయవేమారెడ్డి యాస్థానమువాడు. ఈ సీమకు పొరుగువాడే. ఆయన తెనిగించిన భాగమున రామోపాఖ్యానము కలదు. వ్యాసుని రామోపాఖ్యానమున మారీచుడు రత్నపు కొమ్ములును, రత్నచిత్రమైన రోమములును గల మృగమయ్యెను. వాల్మీకి మఱింత విస్తరించెను: బంగారు మేను, వెండిచుక్కలు, మణులవంటి కొమ్ముకొనలు. ఇది కేవలము కల్పన యని త్రోసివేయుటకు ముందు నల్లమలలోని చుక్కలదుప్పిని చూడవలెను. మార్కాపురము, గిద్దలూరుల పడమటి యడవులలో అది నేటికిని ఉన్నది. దాని మేను ఎఱుపు కలిసిన గోధుమవన్నె. దానిపై తెల్లని చుక్కలు. ఆ గోధుమవన్నెను బంగారముగాను, ఆ తెలుపును వెండిగాను మార్చినచో మాయలేడి సిద్ధమగును. చుక్కల కూర్పును కవి మార్చలేదు; లోహమును మాత్రము మార్చెను. అందువలననే సీత కది లేడిగా తోచినది. అయినను మేనంతయు మార్పుచెందినది కావున లక్ష్మణుడు వెంటనే అనుమానించి, ఇట్టి మృగము లోకమున లేదని చెప్పెను. తోకకుచ్చుతో ఆగిన కర్కోటకుడు పట్టుబడలేదు; ఒడలెల్ల మెఱసిన మారీచుడు లక్ష్మణునికడ పట్టుబడెను.

రైతు కిట్టి వర్ణపరీక్షలో కవికంటె పదసంపద యెక్కువ. కఱ్ఱావు, పుల్లావు, కపిల, మైల, బొల్లి, పొడలది అను మాటలు ఒక్కొక్కటియు ఒక మేనివన్నెనో, మచ్చల తీరునో తెలుపును. కావ్యభాష వీనిలో కొన్నింటినే స్వీకరించినది. పరిశోధకవిద్యార్థు లెవరైన దర్శి మొదలు గిద్దలూరు వఱకు ఊరూర తిరిగి ఈ మాటలను సేకరించినచో పెక్కు వర్ణనల అర్థము తేటపడును.

కవి ‘బంగారులేడి’ యని చెప్పి తప్పించుకొనవచ్చును. బొమ్మ చేయువానికి ఆ వెసులుబాటు లేదు. తోలుబొమ్మలాటలో మేకతోలును పలుచగా గీసి, రెండువైపుల రంగు వేసి, తెరవెనుక దీపము పెట్టుదురు. అచట రంగనగా తోలు గుండ వచ్చు వెలుతురు. తోలుకు తనదైన పసుపుచాయ యున్నది. మెఱయవలసిన చోట చిన్న రంధ్రములు పొడిచినచో దీపకాంతియే ఆభరణమగును. చుక్కలలేడికి ఇంతకంటె తగిన సాధనము లేదు. వాల్మీకి హనుమంతుని బంగారుకొండతో పోల్చెను. మన యడవులలోని కోతి గోధుమవన్నెది, కొండముచ్చు బూడిదవన్నెది. ఆంధ్రదేశపు తోలుబొమ్మలలో పెక్కింట హనుమంతుడు పచ్చనివాడు. కోతిరంగు తోలురంగునకు దగ్గఱ కావున తెరపై అది తేలదు. వానరసేన నడుమ అతడొక్కడు వేఱుగా కనబడవలెను. చివరివరుసలో కూర్చున్న పిల్లవానికి సైతము వచ్చినవా డెవడో తెలియుటకు ఆ పచ్చరంగు చాలును.