పాతాళము, పునరుత్థానము

ఈస్టరునాటి వేకువజామున ఆంధ్రదేశపు క్రైస్తవులు అనేకులు శ్మశానవాటికలకు పోయి, తమవారి సమాధులను పూలతో అలంకరించి కొవ్వొత్తులు వెలిగింతురు. చర్చి మిషనరీ సొసైటీ 1854లో ఏలూరున కేంద్రమును నెలకొల్పినది. నేడు ఆ పట్టణమునను, తాడేపల్లిగూడెమునను, కొల్లేటి పరిసర గ్రామములలోను ఆనాటి ప్రార్థనలలో వినబడు మాట "పునరుత్థానము". పొరుగింటి హిందువు దానిని పునర్జన్మగా భావించుట సహజము. కాని ఈ రెండు విశ్వాసములును వేరు. ఆ భేదము తెలియవలెనన్న ప్రాచీన యూదుల చరిత్రను చూడవలెను.

ఆదిలో యూదులకు స్వర్గనరకముల చింత లేదు. దీర్ఘాయువు, సంతానము, స్వదేశమున నివాసము, ఇవియే దైవానుగ్రహమునకు గుర్తులు. మరణించినవారు, మంచివారైనను చెడ్డవారైనను, "షెయోలు" అను చీకటి తావునకు దిగుదురు. అచట శిక్షయు లేదు, సుఖమును లేదు. తెలుగు బైబిలు దీనిని "పాతాళము" అన్నది. మన పురాణములలోని పాతాళము మణులతో వెలుగు నాగలోకము; షెయోలు మౌనలోకము.

క్రీ.పూ. 167లో సిరియా రాజు నాల్గవ ఆంటియోకసు యూదమతాచారములను నిషేధించెను. ధర్మమును విడువనివారు చంపబడిరి, విడిచినవారు బ్రతికిరి. దీర్ఘాయువే ధర్మఫలమైనచో ఇదెట్టి న్యాయము? ఈ ప్రశ్నతో కొత్త ఆశ బలపడినది. ఆ కాలమున తుదిరూపము పొందిన దానియేలు గ్రంథము, మంటిలో నిద్రించువారు అనేకులు మేల్కొందురని చెప్పెను. మక్కబీయుల రెండవ గ్రంథమున ఒక తల్లి కన్నులయెదుట ఏడుగురు కొడుకులు చంపబడుదురు. వారిలో ఒకడు, నరకబడబోవు చేతులను చాచి, దేవుడు వానిని తిరిగి ఇచ్చునను నమ్మకముతో ప్రాణము విడుచును. అతడు కోరినది కోల్పోయిన దేహమునే.

యేసు కాలమునాటికి పరిసయ్యులు దీనిని నమ్మిరి; సద్దూకయ్యులు నిరాకరించిరి. క్రీ.శ. 54 ప్రాంతమున కొరింథీయులకు వ్రాసిన లేఖలో పౌలు దేహమును విత్తనముతో పోల్చెను. మంటిలో పడిన గింజ వేరు, మొలచిన పైరు వేరు. అయినను ఆ పైరు ఆ గింజదే. నారు పోసి వరి పండించు మన రైతులకు ఈ ఉపమానమును విడమరచి చెప్పనక్కరలేదు. యూదులు సైతము నేటికిని నిత్యప్రార్థనలో మృతులను బ్రతికించు దేవుని స్తుతింతురు.

పునర్జన్మలో జీవుడు కర్మ తీరువరకు దేహము వెంట దేహమును ధరించును. పునరుత్థానమున ఆ మనిషియే, ఒక్కమారే, న్యాయము జరుగు దినమున లేచును. ఈస్టరు వేకువను బిడ్డ సమాధిమీద కొవ్వొత్తి వెలిగించు తల్లి ఎదురుచూచునది ఆ దినముకొరకే.