ఒకే ఫైలు, పలు ప్రక్రియలు: రికార్డు లాకింగ్ పనిచేసే తీరు

ఒకే ఫైలును ఏకకాలంలో తెరచిన పలు ప్రక్రియలు ఒకదాని రాతను మరొకటి చెరిపివేయకుండా, ఫైలులో అవసరమైన భాగానికి మాత్రమే తాళం వేసే పద్ధతిని రికార్డు లాకింగ్ అంటారు. నడుస్తున్న ప్రోగ్రామునే ప్రక్రియ అని వ్యవహరిస్తారు. యునిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ఈ సదుపాయం ‘ఎఫ్‌సీఎన్‌టీఎల్’ అనే సిస్టమ్ కాల్ ద్వారా లభిస్తుంది. 1988 నాటి తొలి పోసిక్స్ ప్రమాణంలోనే దీనికి చోటు దక్కింది.

ఎందుకు అవసరం?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్‌లో ఒక చౌక ధరల దుకాణాన్ని ఊహించుకుందాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోల ఆహార ధాన్యాలు అందాలి. కార్డుల వివరాలన్నీ ఒకే ఫైలులో ఉండగా, రెండు కౌంటర్లలోని ప్రోగ్రాములు ఒకే కార్డు నిల్వను 35గా చదివాయనుకుందాం. మొదటిది 10 కిలోలు తీసివేసి 25 అని, రెండవది 20 కిలోలు తీసివేసి 15 అని లెక్కిస్తాయి. మొదటిది చివరగా రాస్తే ఫైలులో 25 మిగులుతుంది. వాస్తవానికి మిగలవలసినది 5 మాత్రమే. ఇచ్చిన 20 కిలోల జాడ లెక్కలోంచి మాయమవుతుంది. గిడ్డంగిలో తేలే తరుగుకు దుకాణదారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఎలా పనిచేస్తుంది?

ఒక్కో కార్డు వివరానికి 64 బైట్లు కేటాయిస్తే, 250వ కార్డు 15,936వ బైటు స్థానం వద్ద మొదలవుతుంది. అక్కడి నుంచి 64 బైట్లకు మాత్రమే తాళం కోరితే మిగిలిన కార్డుల పని ఆగదు. పొడవును సున్నాగా ఇస్తే తాళం ఫైలు చివరి వరకూ వర్తిస్తుంది. ఫైలు పెరిగినా కొత్త భాగం దాని పరిధిలోకే వస్తుంది.

తాళాలు రెండు రకాలు. చదివే తాళాన్ని పలు ప్రక్రియలు పంచుకోవచ్చు. రాసే తాళం ఒక్కదానికే దక్కుతుంది. తాళం దొరకనప్పుడు వెంటనే వెనుదిరగడమా, దొరికేవరకు వేచి ఉండడమా అన్నది ప్రోగ్రామే నిర్ణయించుకుంటుంది. రెండు ప్రక్రియలు పరస్పరం ఎదురుచూస్తూ చిక్కుపడితే, కెర్నెల్ దానిని గుర్తించి ఒకదానికి దోష సంకేతం పంపుతుంది.

ఇక్కడ క్రమమే కీలకం. ముందు తాళం, ఆ తరువాత చదవడం, లెక్కించడం, రాయడం, చివరగా విడుదల. చదివిన తరువాత తాళం వేస్తే పై నష్టం యథాతథంగా జరుగుతుంది.

పరిమితులు

ఈ తాళం ఒక ఒప్పందం వంటిది. తాళం అడగకుండానే రాసే ప్రోగ్రామును అది అడ్డుకోదు. నిర్బంధ తాళాల సదుపాయాన్ని లినక్స్ 2021లో 5.15వ వెర్షన్‌తో తొలగించింది.

తాళం ప్రక్రియకు చెందుతుంది. అందువల్ల ఒకే ప్రక్రియలోని థ్రెడ్లను ఇది వేరుచేయలేదు. ‘ఫోర్క్’తో పుట్టిన సంతాన ప్రక్రియకు తల్లి తాళాలు సంక్రమించవు. ప్రక్రియ హఠాత్తుగా ఆగిపోతే కెర్నెల్ తాళాలను విడిపిస్తుంది. సగం రాసిన వివరాన్ని మాత్రం సరిదిద్దదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నియమం మరొకటి ఉంది. ఒక ప్రక్రియ అదే ఫైలును రెండుసార్లు తెరచి, అందులో ఏ ఒక్కదానిని మూసినా ఆ ఫైలుపై దానికున్న తాళాలన్నీ తొలగిపోతాయి. ఏదో ఒక లైబ్రరీ ఫైలును తెరచి, చదివి, మూసివేసినా చాలు. ఈ కారణంగానే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ యునిక్స్ వ్యవస్థల్లో, తాళాలు ఉన్నంతవరకు ఫైలు మూసివేతను వాయిదా వేస్తుంది.

పరిష్కారంగా 2014లో లినక్స్ 3.15వ వెర్షన్ ప్రక్రియకు బదులు తెరచిన ఫైలుకే చెందే తాళాలను ప్రవేశపెట్టింది. 2024 నాటి పోసిక్స్ ప్రమాణం వాటిని స్వీకరించింది. అయితే ఇవి కూడా ఒప్పంద తాళాలే. ఫైలును తాకే ప్రతి ప్రోగ్రామూ ముందుగా తాళం అడిగినప్పుడే లెక్క నిలుస్తుంది.