కరోల్‌బాగ్‌లో స్పామ్ ఆగిన రాత్రి

2008 నవంబర్ 12, బుధవారం. ఇంకా తెల్లారలేదు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు వెనక సందులో, మూడో అంతస్తులో ఒక హోస్టింగ్ కంపెనీ గదిలో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు రాత్రి డ్యూటీలో ఉన్నారు. ఈ గదిని, ఈ ఇద్దరినీ, వాళ్ల మాటల్నీ కథనం కోసం కల్పించాం. ఆ రాత్రి ప్రపంచమంతటా మెయిల్ సర్వర్లలో వచ్చిన మార్పు, దాని వెనక జరిగిన కథ మాత్రం నిజం.

"అన్నా, లాగ్ ఆగిపోయినట్టుంది చూడు."

"ఆగలేదురా. మెల్లగా వస్తోంది."

మామూలు రాత్రుల్లో ఆ నల్ల తెర మీద ఎగ్జిమ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ లాగ్ కంటికి అందదు. ఒక లైను చదివేలోపు ఇరవై లైన్లు పైకి పోతాయి. ఈ పూట ఒక్కో లైనూ తీరిగ్గా చదువుకోవచ్చు. పెద్దవాడికి సంతోషం కలగలేదు, గుండె జారింది. సాయంత్రం ఫిల్టర్ బిగించింది తనే. మంచి మెయిల్‌ను కూడా ఆపేస్తున్నానా?

ఆ భయం ఎంత పెద్దదో తెలియాలంటే షేర్డ్ సర్వర్ సంగతి తెలియాలి. ఒకే యంత్రం, ఒకే ఐపీ అడ్రసు. దాని మీద వందల వెబ్‌సైట్లు. బ్యాంక్ స్ట్రీట్ నగల కొట్టు, పూసా రోడ్డు కోచింగ్ సెంటర్, ఒక ట్రావెల్స్, ఒక బట్టల ఎగుమతిదారు. ఒకరి డొమైన్ మీద స్పామ్ వరద పడితే క్యూ మొత్తం నిండిపోతుంది. ఏ తప్పూ లేని ట్రావెల్స్ వాడి టికెట్ గంట ఆలస్యంగా చేరుతుంది.

వరద పెరగడానికి చాలాసార్లు కారణం ఒక చిన్న సెట్టింగు. డొమైన్‌కి ఏ పేరుతో మెయిల్ వచ్చినా తీసుకోమని కస్టమర్ క్యాచ్-ఆల్ పెట్టిస్తాడు. ఏ మెయిలూ పోగొట్టుకోకూడదని ఆశ. స్పామర్లు నిఘంటువులోని పేర్లన్నీ వరసగా పంపుతారు, అన్నీ లోపలికొస్తాయి. పోనీ తీసుకున్నాక తిప్పి పంపుదామంటే అదీ ముప్పే. పంపినవాడి పేరు దొంగది కాబట్టి ఆ బౌన్స్ వెళ్లి ఎవరో అమాయకుడి పెట్టెలో పడుతుంది. మన సర్వరే స్పామర్ లెక్కలోకి వస్తుంది. అందుకే లేని పేరుకి వచ్చిన మెయిల్‌ను గుమ్మం దగ్గరే, కనెక్షన్ తెగకముందే కాదనాలి.

గుమ్మం దగ్గర ఇంకో కాపలా స్పామ్‌హాస్. స్టీవ్ లిన్‌ఫోర్డ్ 1998లో మొదలుపెట్టిన సంస్థ. తలుపు తట్టిన ఐపీ అంకెల్ని తిరగేసి వాళ్ల జాబితాను డీఎన్ఎస్‌లో అడిగితే, 127తో మొదలయ్యే జవాబు వస్తే ఆ ఐపీ జాబితాలో ఉన్నట్టు. అక్కడా దాటివచ్చినదానికి స్పామ్‌అసాసిన్ మార్కులు వేస్తుంది. మామూలుగా అయిదుకి చేరితే స్పామ్. ఈ అయిదును నాలుగు చేయాలా, ఆరు చేయాలా అన్నదే రాత్రి డ్యూటీ వాడి అసలు బరువు. నాలుగు చేస్తే నగల కొట్టుకి దుబాయ్ నుంచి వచ్చిన ఆర్డర్ చెత్తబుట్టలో పడవచ్చు. ఆరు చేస్తే అదే కొట్టు యజమాని పొద్దున్నే ఫోన్ చేసి తిడతాడు.

"యాహూ నుంచి ఒక టెస్ట్ మెయిల్ కొట్టు."

కొట్టాడు. వచ్చింది. ఇంకో డొమైన్‌కి కొట్టాడు. అదీ వచ్చింది. ఫిల్టర్ బాగానే ఉంది. బయట నుంచి రావడమే తగ్గింది.

ఎందుకు తగ్గిందో కారణం కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ ఇంకా 11వ తేదీ మంగళవారం. శాన్ హోసేలో మెకోలో అనే హోస్టింగ్ కంపెనీ ఉండేది. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి బ్రయాన్ క్రెబ్స్ దాని మీద నాలుగు నెలలుగా ఆధారాలు కూడబెట్టాడు. లక్షల ఇళ్లలోని వైరస్ పట్టిన కంప్యూటర్లకు "ఇది పంపు, వీళ్లకి పంపు" అని ఆజ్ఞలిచ్చే సర్వర్లు చాలావరకు అక్కడున్నాయి. స్రిజ్బీ, రస్టాక్, మెగా-డి వంటి ఆ కంప్యూటర్ల మందల (బాట్‌నెట్ల) పగ్గాలు ఒకే చిరునామాలో. క్రెబ్స్ ఆ ఆధారాలను మెకోలోకి ఇంటర్నెట్ ఇచ్చే హరికేన్ ఎలక్ట్రిక్, గ్లోబల్ క్రాసింగ్ సంస్థల ముందు పెట్టాడు. అవి లైను తీసేశాయి. ప్రపంచ స్పామ్ మూడింట రెండు వంతుల వరకు పడిపోయిందని అంచనా.

అంతకుముందు ఏ కోర్టు ఉత్తర్వూ లేదు, ఏ పోలీసు దాడీ లేదు. ఆధారాలు చదివి, తమ తీగ మీద ఏం పోతోందో ఒప్పుకున్న మనుషులు ఉన్నారు, అంతే. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా కనబడేది ఇదే. కింద చివరి సర్వర్ దగ్గర రాత్రంతా చేసే వడపోతకంటే, పైన లైను అమ్మేవాడు ఫిర్యాదు చదవడం ఎక్కువ పని చేసింది. ఫిర్యాదుల కోసం ప్రతి డొమైన్‌లోనూ "అబ్యూజ్" పేరుతో పెట్టె ఉండాలని 1997 నాటి ఇంటర్నెట్ ప్రమాణమే చెప్పింది. ఆ పెట్టెను తెరిచి చూసే మనిషికి జీతమివ్వడం హోస్టింగ్ అమ్మేవాళ్ల బాధ్యత.

హాయి ఎక్కువ కాలం నిలవలేదు. ఆ శనివారమే వేరే సంస్థ లైను ద్వారా మెకోలో కాసేపు మళ్లీ బతికింది. ఆ కొద్ది గంటల్లోనే రస్టాక్ యజమానులు తమ పగ్గాలను రష్యాలోని సర్వర్లకు మార్చుకున్నారు. స్రిజ్బీ ఇంకా తెలివైనది. యజమాని కనబడకపోతే తేదీని బట్టి కొత్త డొమైన్ పేర్లు తనే లెక్కగట్టి వెతుక్కుంటుంది. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఆ లెక్క విప్పి, పేర్లను ముందే కొని అడ్డుకున్నారు. ఖర్చు భరించలేక ఆపేశారు. నవంబర్ చివరికల్లా తర్వాతి పేర్లు స్పామర్ల చేతికి వెళ్లాయి, సర్వర్లు ఎస్తోనియాలో తేలాయి. 2009 మార్చికి స్పామ్ పాత స్థాయికి చేరిందని గూగుల్ చెప్పింది.

చట్టం సంగతికొస్తే, మన పార్లమెంటు 2008 డిసెంబర్‌లోనే ఐటీ చట్టాన్ని సవరించింది. అందులోని 66ఏ సెక్షన్‌లో, మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో దాచి మోసగించేవారికి శిక్ష ఉండేది. అదే సెక్షన్‌లోని అస్పష్టమైన మాటలతో మామూలు పౌరుల్ని అరెస్టు చేశారు కాబట్టి 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం సబబే. దాంతోపాటు స్పామ్ మాట కూడా పోయింది. ఫోన్ కాల్స్‌కి, ఎస్ఎంఎస్‌లకి ట్రాయ్ నిబంధనలున్నాయి. ఈమెయిల్‌కి అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు.

2012 మొదటి మూడు నెలల్లో ప్రపంచ స్పామ్‌లో 9.3 శాతం భారత్‌లోని కంప్యూటర్ల నుంచే పోయిందని భద్రతా సంస్థ సోఫోస్ లెక్కగట్టింది. అమెరికాను దాటి అప్పట్లో మనదే మొదటి స్థానం. అలాంటప్పుడు కరోల్‌బాగ్ సర్వర్ లాగ్‌లో మన బ్రాడ్‌బ్యాండ్ ఐపీలే బారులు తీరతాయి. గంపగుత్తగా ఆపితే, ఇంట్లోంచి ఔట్‌లుక్‌లో బిల్లు పంపే నగల కొట్టు గుమస్తా కూడా ఆగిపోతాడు. కాబట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మెయిల్ పంపే సెట్టింగులో పోర్టు 25 తీసి 587 పెట్టించాలి, పాస్‌వర్డ్‌తో పంపే గడిలో టిక్ పెట్టించాలి. బ్యాంక్ స్ట్రీట్ నుంచి పూసా రోడ్డు దాకా, కస్టమర్ తర్వాత కస్టమర్.